అరువు మోకాలు

మా సారు ఉపన్యాసంలో ఇంటిమనిషి ఒకరు ఉండితీరాలి. అది మా ఆఫీసు పద్ధతి. నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆయన ఆ సంగతి చెప్పారు.

"రోడ్డు మీద గోతులున్నాయి అన్నావనుకో, జనం ఆవలిస్తారు. ఆ గోతుల్లో పడి మా ఆవిడ నడుము పట్టేసింది అను, లేచి కూర్చుంటారు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్ళినదాన్ని నేనే మొదటిదాన్ని. పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకుని, రాసుకున్నది రాసుకున్నట్టు చెయ్యడం నాకు అలవాటు. ఆఫీసులో నన్ను "డిగ్రీ" అని పిలిచేవారు. మొదట్లో అది వెక్కిరింత, తర్వాత పేరైపోయింది.

సారు నగర సభలో సభ్యుడు, రవాణా సంఘానికి అధ్యక్షుడు. ఆయనకి ఉపన్యాసాలు రాసిపెట్టడం నా పని. నేను చేరేటప్పటికే ఆయన సంసారం చాలామటుకు ఖర్చయిపోయింది. మేడమ్‌గారి నడుము గోతులకి వాడేశారు. బావమరిది దగ్గు ఫ్యాక్టరీ పొగకి పోయింది. కూతురి పరీక్షలు కరెంటు కోతకి సరిపోయాయి. పోయిన నాన్నగారు నిజాయితీకి, పోయిన అమ్మగారు ఆసుపత్రులకీ మంచినీళ్ళకీ, ఒకసారి పొరపాటున పార్కింగుకి కూడా. ఆ బాధ పడలేక బావమరిది ఏకంగా వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు. మేడమ్‌గారు మాత్రం నాకే ఫోన్ చేశారు.

"చూడమ్మా, ఇకమీదట నా ఒంట్లో ఏ భాగమూ సభలోకి వెళ్ళడానికి వీల్లేదు. బట్టల కొట్లో గుమాస్తా కూడా నడుమెలా ఉందండీ అని అడుగుతున్నాడు."

సరిగ్గా అలాంటప్పుడు బస్సుల తీర్మానం వచ్చిపడింది. పాత బస్సులు తీసేసి కొత్తవి కొనాలి. ఇప్పుడున్నట్టే ఎత్తు మెట్టువి కొందామా, మెట్టు బాగా కిందికి ఉండేవి కొందామా అన్నది చర్చ. ఎత్తు మెట్టువి చవక. అందుచేత అవతలి పక్షం వాళ్ళు ఎత్తు మెట్టు వైపు నిలబడ్డారు. వాళ్ళు అటు నిలబడ్డారు కాబట్టి మా సారు ఇటు నిలబడ్డారు.

నాకు మాత్రం అది అన్ని తీర్మానాల్లాంటిది కాదు. మా అమ్మ పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. అక్కడికి బస్సు తప్ప దారి లేదు. రోజూ పొద్దున్న బస్సు ఆగగానే ముందు తన సంచీ లోపలికి విసిరేస్తుంది. సంచీ ఎక్కాక మనిషిని వదిలేసి డ్రైవరు పోడని ఆవిడ నమ్మకం. తర్వాత రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, మంచి కాలు మెట్టు మీద పెట్టి, ఒక్క క్షణం ఆగుతుంది. ఊపిరి బిగబట్టి, మోకాలి నొప్పున్న రెండో కాలిని పైకి లాక్కుంటుంది. ఆ ఒక్క క్షణంలో వెనకున్నవాళ్ళు అనాల్సినవన్నీ అనేస్తారు. ఈమధ్య ఒకరోజు సరిగ్గా ఆ క్షణంలోనే బస్సు కదిలింది. సంచీ ఆసుపత్రికి వెళ్ళింది, అమ్మ ఇంటికి వచ్చింది.

"ఈ బస్సులతో ఇంక నావల్ల కాదే. కొన్నాళ్ళు చూసి మానేస్తాను" అంది.

మానేసి ఇంట్లో కూర్చునే మనిషి కాదు మా అమ్మ. లాండ్రీలో ఆవిడకంటూ ఒక బల్ల ఉంది. ఆ బల్ల చుట్టూ ఆవిడ ఎంత తిట్టినా పడే నలుగురు ఆడవాళ్ళున్నారు. అది పోతే ఆవిడ తిట్టుకోవడానికి మిగిలేది నేనొక్కదాన్ని. నేను చాలను.

అందుకని ఆ ఉపన్యాసం మనసుపెట్టి రాశాను. సంచీ, కమ్మీ, ఆ ఒక్క క్షణం, అన్నీ పెట్టాను. సారు చదివి తల ఊపారు.

"బాగుంది. ఎవరీవిడ?"

"మా అమ్మండి."

"మీ అమ్మ బాగానే ఉందిగానీ, లాండ్రీలో పనిచేసే ఒకావిడ అంటే సభలో ఎవరు వింటారు? ఇంటిమనిషి ఏదీ?"

"మా ఇంటిమనిషేనండి."

"మా ఇంటిమనిషి కావాలమ్మా. మా అమ్మని పెడదామంటే ఆవిడ పోయింది. పోయినవాళ్ళు బస్సెక్కరు."

కాసేపు కలంతో గడ్డం గీరుకున్నారు. తర్వాత కాగితం మీద "లాండ్రీలో పనిచేసే ఒకావిడ" అని ఉన్న చోటల్లా కొట్టేసి "మా అత్తగారు" అని రాశారు.

"అత్తయ్యగారికి మోకాలి నొప్పి ఉందా సార్?" అని అడిగాను.

"ఆ వయసులో ఎవరికి ఉండదు?"

అత్తగారు ఉండేది ఆయన ఇంట్లోనే. కొన్నేళ్ళుగా ఒకే బల్ల దగ్గర భోంచేస్తున్నారు. ఆయనకి తెలియకుండా ఉంటుందా అనుకుని ఊరుకున్నాను.

ఉపన్యాసం బాగా పండింది. "మా అత్తగారు ఆ మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగుతారు" అని సారు తనూ ఒక్క క్షణం ఆగారు. సభలో చిన్న దగ్గు కూడా వినపడలేదు. ముందు వరసలో ఒక పెద్ద సభ్యుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ ఊపులో సారు వంగి రెండు చేతులతో తన కుడి మోకాలు పట్టుకున్నారు. అది నేను రాసింది కాదు. మర్నాడు పేపర్లన్నింట్లో "అత్తగారి మోకాలు" అనే హెడ్డింగు. అక్కణ్ణుంచి సారింటికి నూనె సీసాలు, మోకాలి పట్టీలు, చేతికర్రలు రావడం మొదలైంది. ఏదో సంఘంవాళ్ళు పూలు చుట్టిన చక్రాల కుర్చీ తెచ్చి వరండాలో పెట్టి, దాని పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్ళారు.

ఆ వారంలోనే నాకు సారింటి నుంచి కబురొచ్చింది. ఉపన్యాసం రాసిందెవరో చూడాలని అత్తగారు అడుగుతున్నారట.

వెళ్ళేసరికి ఆవిడ హాలు మధ్యలో ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలికున్న కాన్వాస్ బూటు లేసు కట్టుకుంటున్నారు. గోడ పట్టుకోలేదు, కుర్చీ పట్టుకోలేదు. ముడి వేసి, లాగి చూసుకుని, అప్పుడు కాలు దించారు.

"నువ్వేనా డిగ్రీ?"

"అవునండి."

"ఏ కాలు?"

"ఏంటండీ?"

"నాకు నొప్పి ఏ కాలికి?"

"అందులో ఏ కాలని రాయలేదండి."

"అల్లుడుగారు టీవీలో కుడి కాలు పట్టుకున్నారు. నిన్న పార్కులో ఒకావిడ నన్నాపి ఎడమ కాలికి నూనె రాయబోయింది. ముందు మీరిద్దరూ ఒక మాట మీదకి రండి."

అప్పుడు తెలిసింది. ఆవిడ ఆడపిల్లల స్కూల్లో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యారు. పార్కులో ముసలివాళ్ళందర్నీ వెంటేసుకుని పొద్దున్నే తిప్పేది ఆవిడే. ముందు ఆవిడ, వెనక మిగతావాళ్ళ ఆయాసం.

సారు గదిలోంచి వచ్చి, చక్రాల కుర్చీ అంచు మీద మొహమాటంగా కూర్చున్నారు.

"అత్తయ్యగారూ, ఓటింగు అయ్యేదాకా ఆ పార్కు కాస్త..."

"మానెయ్యాలా?"

"మానెయ్యమని కాదండీ. కాస్త కూర్చోండి."

"అల్లుడుగారూ, మీ పెళ్ళయినప్పటి నుంచి నేను ఊరికే కూర్చుని ఉండగా ఎప్పుడైనా చూశారా?"

సారు నిజాయితీగా ఆలోచించారు. కూర్చుని ఉండగానే కాదు, ఆవిణ్ణి ఎలాగైనా చూసిన గుర్తు ఆయనకి దొరుకుతున్నట్టు లేదు.

"నా నడుం అయింది, ఇప్పుడు మా అమ్మ కాలు పట్టుకున్నారు" అని వంటింట్లోంచి మేడమ్‌గారి గొంతు వచ్చింది. "నా తమ్ముడు తెలివైనవాడు, ముందే పారిపోయాడు."

టీచరుగారు నావైపు తిరిగారు. "ఆ సంచీ విసరడం ఉత్తినే కూర్చుంటే తోచేది కాదు. అసలీ మోకాలు ఎవరిది?"

"మా అమ్మదండి."

సారు కిటికీలోంచి బయటికి చూశారు.

"మీ అమ్మ బస్సెక్కేది ఎన్నింటికి?"

చెప్పాను.

"రేపు వస్తాను" అన్నారావిడ.

ఇంటికెళ్ళి అమ్మతో చెప్పేశాను. అంతవరకూ చెప్పలేదు. అమ్మ కూరగాయలు తరగడం ఆపకుండానే విన్నది.

"నా మోకాలు తీసుకెళ్ళి మీ సారుగారి అత్తగారికి ఇచ్చావా?"

"సారే మార్చారమ్మా."

"నొప్పితో సహా ఇచ్చుంటే సంతోషించేదాన్ని. ఒట్టి పేరు తీసుకెళ్ళారు, సరుకు నా దగ్గరే ఉంది."

మర్నాడు టీచరుగారు బస్టాపులో మాకంటే ముందే ఉన్నారు. అమ్మ ఎప్పటిలాగే ఎక్కింది. వెనక నుంచి ఎవరో "ఏంటమ్మా, అక్కడే కాపురం పెడతావా" అన్నారు. టీచరుగారు ఆ మాటా విన్నారు, ఆ అన్న మనిషినీ ఒకసారి చూశారు. తర్వాత ఒక్క అంగలో ఎక్కేశారు. ఆసుపత్రి దాకా ఆవిడ ఎక్కేవాళ్ళనీ, ఆ మెట్టునీ చూస్తూనే ఉన్నారు. దిగాక అమ్మతో అన్నారు.

"నేను పిల్లల చేత కర్ర మీంచి దూకించేదాన్ని. దూకలేకపోతే ముందు కర్ర దించేదాన్ని. పిల్లని తిట్టేదాన్ని కాదు." బూటు లేసు బిగించి, "సరే, ఓటింగు దాకా నాకు నొప్పే. కానీ నాకది చేతకాదు. నేర్పిస్తారా?" అని అడిగారు.

అమ్మకి జీవితంలో ఎవరూ ఏదీ నేర్పమని అడగలేదు. ఆదివారం రమ్మంది.

ఆదివారం మా గదిలో మంచం జరిపి, మధ్యలో ఎత్తు పీట వేసి, తలుపు గడియని బస్సు కమ్మీ అనుకోమన్నాం. టీచరుగారు పీట దాకా కుంటుకుంటూ వచ్చారు.

"అలా కాదండీ" అంది అమ్మ. "మీరు కుంటుతున్నారు."

"మరి?"

"నొప్పి ఉన్నవాళ్ళు కుంటరు. దాచుకుంటారు. ఎవరికీ కనపడకుండా ఎలా ఎక్కాలా అని చూస్తారు. మీరేమో అందరూ చూడాలన్నట్టు ఎక్కుతున్నారు."

మళ్ళీ ఎక్కారు. అమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"కాలు కుదిరింది. మొహమే మరీ హుషారుగా ఉంది. కాస్త తగ్గించండి."

"మొహం ఎలా తగ్గిస్తారమ్మా?"

"వెనక నుంచి ఎవరైనా ఓ మాట అంటే అదే తగ్గుతుంది. మిమ్మల్ని ఎప్పుడూ ఎవరూ అనలేదా?"

"ఎవరికంత ధైర్యం?"

అమ్మ నావైపు చూసింది. "ఏమే, నువ్వు అను."

నేను గొంతు సవరించుకుని, "కొంచెం తొందరగా ఎక్కండి" అన్నాను.

"బస్సులో ఎవరైనా అండీ అంటారా? చదువుకున్నావుగానీ నీకు తిట్టడం రాదే. గట్టిగా అను."

పెద్దావిడని పట్టుకుని ఎలా అనను? కళ్ళు మూసుకుని, "ఏం ముసల్దానా, ఇంట్లో కూర్చోక ఎందుకొస్తావు ఇక్కడికి" అనేశాను.

కళ్ళు తెరిచేసరికి టీచరుగారు ఒక కాలు పీట మీద, ఒక కాలు కింద, అలాగే ఆగిపోయి ఉన్నారు. మెడ కొంచెం వంగింది. గడియ పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

"ఆ, అదీ" అంది అమ్మ మెల్లిగా. "ఇప్పుడొచ్చింది."

ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు టీ తాగారు. వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నన్ను మాత్రం తిట్టడం ప్రాక్టీసు చెయ్యమన్నారు.

ఇక మా పని నల్లేరు మీద బండి అనుకుంటూండగా అవతలి పక్షం నాయకుడు లేచాడు. ఆయన్ని మా ఆఫీసులో కంచుగొంతు అంటాం. మైకు లేకపోయినా వీధి చివరికి వినపడతాడు. వాళ్ళింట్లోనూ ఒక ఇంటిమనిషి ఉన్నాడు.

"అధ్యక్షులవారి అత్తగారి సంగతి విన్నాం. మా నాన్నగారు ఆవిడ కంటే పెద్ద. ఇప్పటికీ కదిలే బస్సు ఎక్కుతారు, కదిలే బస్సు దిగుతారు. పెద్దవాళ్ళు చేతకానివాళ్ళని చెప్పి వీళ్ళు పెద్దవాళ్ళని అవమానిస్తున్నారు. ఓటింగు రోజున ఆ బస్సేదో సభ ముందు పెట్టండి. మా నాన్నగారు ఎక్కుతారు, వాళ్ళ అత్తగారూ ఎక్కనీ. మెట్టు ఎత్తా, కాదా అప్పుడు తేలుతుంది."

టీవీ కెమెరాలు సారువైపు తిరిగాయి. ఆయన నవ్వుతూ, "తప్పకుండా" అన్నారు. నవ్వు మొహాన ఉండగానే, పక్కన కాగితాలు పట్టుకుని నిలబడ్డ నా కాలు తొక్కారు. నేనేం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

ఓటింగు రోజు పొద్దున్న సభ మెట్ల ముందు డిపో నుంచి పాత బస్సు తెచ్చి నిలబెట్టారు. కెమెరాలవాళ్ళు దాని చుట్టూ చేరారు. పెద్దవాళ్ళిద్దర్నీ లోపల ఒక గదిలో కూర్చోబెట్టి, కనిపెట్టుకుని ఉండమని సారు నాకు అప్పగించారు. ముసలాయన్ని ఇద్దరు మనవళ్ళు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. దిట్టమైన మనుషులు. ఆయన్ని కుర్చీలో దింపి, బస్సు చూసొస్తామని బయటికి వెళ్ళారు. టీచరుగారు చేతికర్ర పట్టుకుని ఎదురుగా కూర్చున్నారు.

కాసేపు ఇద్దరూ టీ కప్పుల్లోకి చూసుకున్నారు.

"తుంటి ఎన్నాళ్ళ నుంచండీ?" అన్నారు టీచరుగారు.

"ఏ తుంటి?"

"మీ ఎడమ తుంటి. లోపలికొచ్చేటప్పుడే చూశాను."

ముసలాయన నావైపు ఓ కన్నేసి, గొంతు తగ్గించాడు. "ఇందాక మీరు కిటికీ వెయ్యడానికి లేచారు. చేతులు ఆనించకుండా లేచారు. మరి ఆ మోకాలి సంగతేంటి టీచరమ్మా?"

నేను తలుపు వేసి ఉందో లేదో చూశాను. టీచరుగారు మాత్రం నవ్వారు.

"మరి మీ అబ్బాయిగారు కదిలే బస్సు అంటారేంటండీ?"

"వాడు అబద్ధం చెప్పడమ్మా. వాడి చిన్నప్పుడు ఎక్కేవాణ్ణి. వాడు అక్కడే చూడటం ఆపేశాడు. ఇప్పుడు నేను ఆపుకోలేక బాత్రూముకి పరిగెడితే, అదిగో నాన్న ఎంత హుషారో అంటాడు." టీ గుటక వేసి, ఆపైన ఏర్పాటంతా చెప్పేశాడు. ఒక మనవడు ముందే బస్సులో ఎక్కి లోపల నుంచి లాగుతాడు. రెండోవాడు కెమెరాకి వీపు పెట్టి వెనక నుంచి నెడతాడు. "సామాను ఎక్కించినట్టు ఎక్కిస్తారు. పెరట్లో రెండుసార్లు చేసి చూశాం."

"పడితే?"

"పడితే వాడి మాట పోతుంది."

"మీ తుంటి సంగతి అడుగుతున్నాను."

"అది ఎవరూ అడగలేదమ్మా."

టీచరుగారు కర్ర అటూ ఇటూ మార్చుకున్నారు. "మీ సంగతి నేను చెప్పను, నా సంగతి మీరు చెప్పకండి" అన్నారు చివరికి. ఆయన సరేనన్నాడు. నాకు అది వినడానికి బాగానే ఉందిగానీ, లెక్క మాత్రం బాగాలేదు. ఆయన ఎలాగో ఎక్కేశాడంటే మెట్టు ఎత్తు కాదని తేలిపోతుంది. ఆ తర్వాత మా టీచరుగారు ఎంత అందంగా ఆగినా ఎవరిక్కావాలి? ఎత్తు మెట్టు బస్సులే వస్తాయి, మా అమ్మ మానేస్తుంది. నేను ఆయన్ని చూసి, ఎక్కకుండా ఉంటే బాగుండునని అనుకున్నాను. అనుకుని, ఆ వయసాయన గురించి అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. మళ్ళీ అదే అనుకున్నాను.

ముందు ఆయన్ని పిలిచారు. బయట ఎండ. కంచుగొంతు చప్పట్లు కొట్టించాడు. టీచరుగారి కోసం బస్సుకి కాస్త దూరంలో కుర్చీ వేశారు. నేను ఆవిడ పక్కన నిలబడ్డాను. ముసలాయన కమ్మీ పట్టుకున్నాడు. మంచి కాలు పైకెత్తి మెట్టు మీద పెట్టాడు. లోపలి మనవడు చెయ్యి చాచాడు. వెనకవాడు సరిగ్గా నెట్టే సమయానికి కెమెరా ఒకటి పక్కకి వచ్చింది. దొరికిపోతానని వాడు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ముసలాయన ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాలిలో, కమ్మీకి వేళ్ళాడుతూ మెల్లిగా వెనక్కి వాలడం మొదలుపెట్టాడు.

నా పక్కన కర్ర కింద పడిన చప్పుడు మాత్రం విన్నాను. తిరిగి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. టీచరుగారు కొంగు నడుముకి చుట్టేస్తూ పరిగెత్తారు. కెమెరావాడొకణ్ణి భుజంతో తప్పించి, ఆయన చంకల కిందకి రెండు చేతులు వేసి, పడిపోతున్న పిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని, నెమ్మదిగా ఆ మెట్టు మీదే కూర్చోబెట్టారు. వెంటనే మనవడివైపు తిరిగారు.

"పట్టుకునేవాడివి పట్టుకోవాలి. కెమెరా వచ్చిందని చేతులు తీసేస్తావా? ఎవరు నేర్పారు నీకు?"

వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మోకాలు పనిచెయ్యని అత్తగారు పరిగెత్తడం, కదిలే బస్సెక్కే నాన్నగారు ఆగి ఉన్న బస్సు ఎక్కలేకపోవడం రెండూ ఒకే ఫ్రేములో పడ్డాయి. ముందు తేరుకున్నది మా సారే.

"చూశారా" అన్నారు కెమెరాలతో. "తోటి మనిషి ఆపదలో ఉంటే మా అత్తగారు తన నొప్పి కూడా మర్చిపోయారు."

కంచుగొంతు ఊరుకుంటాడా? "మా నాన్నగారు ఆ మెట్టు దాకా వెళ్ళారు. ఈ వయసులో ఎంతమంది వెళ్తారు?"

అప్పుడు ఎవరో మైకు తీసుకెళ్ళి మెట్టు మీద కూర్చున్న ముసలాయన ముందు పెట్టారు. ఆయన ఊపిరి తీసుకున్నాడు.

"మావాడు చెప్పింది నిజమే. కదిలే బస్సు ఎక్కేవాణ్ణి. వీణ్ణి చంకనేసుకుని మరీ ఎక్కేవాణ్ణి. అప్పటికి వీడికి పళ్ళు కూడా రాలేదు." కొడుకువైపు చూశాడు. "ఇప్పుడెక్కాలంటే మాత్రం, నాయనా, ఈ మెట్టు కాస్త కిందికి రావాలి. లేకపోతే నేను ఇక్కడే కూర్చుంటాను. డ్రైవరుకి ఇబ్బంది."

కంచుగొంతు నోరు తెరిచాడుగానీ గొంతు రాలేదు. నాన్న మాట కాదని అందరి ముందూ ఎలా అంటాడు? నాన్న మాట వేదమని పదిసార్లు సభలోనే చెప్పి ఉన్నాడు.

మధ్యాహ్నం సభ మొదలవగానే ఆయనే ముందు లేచాడు. "మా నాన్నగారి కోసం అడుగుతున్నాను. అధ్యక్షులవారు చెప్పిన మెట్టు కూడా ఎక్కువే. ఇంకా దించాలి. పెద్దవాళ్ళంటే ప్రేముంటే దించడానికి అడ్డేంటి?"

"నేను దించమన్నప్పుడు అడ్డుపడిందెవరు?" అని మా సారు లేచారు. ఎవరి మెట్టు ఎంత కిందికన్న దాని మీద ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు. ఇంకాస్త పోట్లాడితే బస్సు నేలలోకి దిగేదే. చివరికి తీర్మానం ఒక్క వ్యతిరేకత లేకుండా నెగ్గింది.

సారు గెలిచారుగానీ ఆయన మొహంలో రక్తం లేదు. బయట విలేకర్లు, నొప్పి ఉన్న మనిషి అంత జోరుగా ఎలా పరిగెత్తారని అడుగుతున్నారు. ఆయన మేమున్న గదిలోకి వచ్చి తలుపు వేశారు.

"అత్తయ్యగారూ, ఒక్క మాట. నొప్పి ఉండేది, ఇప్పుడు తగ్గిందని చెప్పి వెళ్ళిపోదాం."

"మొదటి బస్సులు ఏ రూట్లో వేస్తున్నారు అల్లుడుగారూ?"

"అవి సభ ముందు నుంచి వెళ్ళే రూట్లో. నలుగురూ చూస్తారని."

"పెద్దాసుపత్రి రూట్లో వెయ్యండి."

"అది ముందే అనుకున్నాం అత్తయ్యగారూ, ఇప్పుడు మారిస్తే..."

"అయితే నేను బయటికెళ్ళి ఉన్నమాట చెప్పేసి వస్తాను." ఆవిడ లేచిన వేగం చూసి సారు తలుపుకి అడ్డంపడ్డారు.

"కూర్చోండి అత్తయ్యగారూ. కూర్చోండి. ఆసుపత్రి రూటే." నావైపు తిరిగి, "డిగ్రీ, రాసుకో" అన్నారు.

రాసుకున్నాను. నా జన్మలో అంత ఇష్టంగా ఏదీ రాసుకోలేదు.

టీచరుగారు బయటికెళ్ళి విలేకర్లతో, "ఆ మోకాలు నన్ను చాలా బాధపెట్టింది. ఇన్నాళ్ళూ పార్కుకి కూడా వెళ్ళనివ్వలేదు. ఇవాళ్టితో ఆ బాధ వదిలింది" అన్నారు. మర్నాడు పొద్దున్న ఆవిడ వెనక పార్కులో తిరిగేవాళ్ళ సంఖ్య పెరిగింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మందేంటని వెంటపడుతున్నారట.

కొత్త బస్సు ఆసుపత్రి రూట్లోకి వచ్చినరోజు నేను ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పి అమ్మతో వెళ్ళాను. బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. మెట్టు దాదాపు రోడ్డంత కిందికి ఉంది. అమ్మ అలవాటు కొద్దీ కమ్మీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, కాలు బాగా పైకెత్తి వేసింది. ఆ ఎత్తున మెట్టు లేదు. కాలు ధబ్బున దిగి తూలింది, నేను పట్టుకున్నాను.

"ఇదేంటే, మెట్టేదీ?" అంది లోపలికి వచ్చేశాక. ఆవిడ ఎక్కేసిన సంగతి ఆవిడకే తెలియలేదు.

వెనకవాళ్ళు ఏమీ అనలేదు. అనడానికి వాళ్ళకి టైము దొరకలేదు. కిటికీ పక్కన సీటు దొరికింది. అమ్మ కూర్చుని, మోకాలి మీద చెయ్యి వేసుకుని, తలుపువైపే చూస్తూ ఉండిపోయింది. రెండో స్టాపులో ఎక్కిన ఒకావిడ అమ్మ పక్కన కూర్చుని, ముచ్చటగా సీటు తడిమి చూసింది.

"ఎవరో పెద్దాయన అత్తగారి కోసం వేయించారట ఈ బస్సు" అంది. "ఆవిడకి మోకాలు నొప్పట."

"అవునట" అంది అమ్మ. నావైపు చూడలేదు. "పాపం, చాలా బాధపడిందట."